టర్బో లేని కారులో పికప్ పెంచడం: వైజాగ్‌లో రోజూ తిరిగే బండ్లకు అంచెలంచెల మార్గదర్శి

టర్బో లేని పెట్రోల్ కారుకు బలం పెంచాలనుకున్న వాళ్లలో చాలామంది మొదట సైలెన్సర్ షాపుకు వెళ్తారు. ఆ తర్వాత కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బయటికి పెట్టే ఎయిర్ ఫిల్టర్), ఆ తర్వాత రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చడం). బండి అసలు కంపెనీ ఇచ్చిన బలం ఇస్తోందా అన్న ప్రశ్న చివరికి వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఈ వరసను తిరగేయాలన్నదే నా మాట. ఐదారేళ్లు విశాఖ ఉప్పుగాలిలో తిరిగిన కారు కొన్ని గుర్రాలు (హార్స్‌పవర్) ఎలాగూ పోగొట్టుకుని ఉంటుంది. వాటిని వెనక్కి తెచ్చుకోవడం చవక, చట్టానికి లోబడిన పని, ఇంజన్‌కూ మంచిది. కొత్త బలం సంగతి ఆ తర్వాత చూద్దాం.

రోజూ ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, నెలకోసారి అరకుకి వెళ్లే 1.0 నుంచి 1.5 లీటర్ల పెట్రోల్ కార్ల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలకు 2018 స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌ను తీసుకుంటాను. కంపెనీ చెప్పిన అంకెలు 6000 ఆర్పీఎం దగ్గర 83 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్‌తో సమానమైన కొలత), 4200 దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే శక్తి). మీ కారు వేరేదైనా లెక్క తీరు ఇదే.

ముందు గాలి లెక్క

టర్బో ఉన్న ఇంజన్ గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. మన ఇంజన్‌కు ఆ సాయం లేదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తన ఒత్తిడితో తానే వెళ్లాలి. ఎంత ఆక్సిజన్ వెళ్తే అంత పెట్రోలే మండుతుంది. కాబట్టి బయటి గాలి ఎలా ఉందో ఇంజన్ బలం అలా ఉంటుంది.

ఇందులో వైజాగ్‌కు ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. సముద్ర మట్టంలో ఉన్నాం కాబట్టి గాలి ఒత్తిడి పూర్తిగా దొరుకుతుంది. అది లాభం. ఎండాకాలపు వేడి, ఉక్క నష్టం. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే అందులోని ఆక్సిజన్ సుమారు 3 శాతం పలచబడుతుంది. మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీల వేడికి 75 శాతం తేమ తోడైతే, సిలిండర్‌లోకి వెళ్లే దానిలో 4 శాతం దాకా ఉత్త నీటి ఆవిరే. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలప్పటితో పోలిస్తే మొత్తం తేడా 7 శాతం దగ్గరకొస్తుంది. చలికాలంలో బండి తేలిగ్గా లాగినట్టు అనిపించడం భ్రమ కాదు.

అరకు సంగతీ ఇదే. అక్కడ ఎత్తు 900 మీటర్లు దాటుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఈ రకం ఇంజన్ సుమారు పది శాతం బలం కోల్పోతుంది. అనంతగిరి ఘాట్ పైభాగంలో 83 పీఎస్ కారు 75 పీఎస్ కారులా నడిస్తే అందులో జబ్బేమీ లేదు. దానికి షెడ్డులో డబ్బు తగలేయకండి.

మొదటి అడుగు: కొలవండి

కొలత లేకుండా చేసిన ట్యూనింగ్‌లో కొత్త శబ్దాన్ని కొత్త బలం అనుకోవడం చాలా మామూలు. అందుకే ముందు బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనండి. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి, ఫోన్ యాప్‌తో కలిపితే ఇంజన్ లోపలి రీడింగులు కనిపిస్తాయి, రికార్డు కూడా అవుతాయి.

రోడ్డు పరీక్ష ఇలా చేయండి. ఉదయం ట్రాఫిక్ మొదలవక ముందు, చదునుగా, ఖాళీగా ఉండే ఒకే రోడ్డు ముక్కను ఎంచుకోండి. ఆనందపురం వైపు హైవేలో అలాంటివి దొరుకుతాయి. బీచ్ రోడ్డు వద్దు. అక్కడ ఉదయాన్నే నడిచేవాళ్లు ఉంటారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, మూడో గేర్‌లో 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి వెళ్లండి. మళ్లీ రెండో గేర్‌లో అదే 40 నుంచి 80. మొదటిది మధ్య ఆర్పీఎంలలో లాగుడు చెబుతుంది, రెండోది పై ఆర్పీఎంలలో బలం చెబుతుంది. వేగం 80 దాటాల్సిన పనే లేదు. గాలి, వాలు ప్రభావం పోవడానికి రెండు దిక్కుల్లోనూ చేసి సగటు తీసుకోండి. ఆ రోజు ఉష్ణోగ్రత, ట్యాంకులో పెట్రోల్, కారులో మనుషులు, టైర్లలో గాలి కూడా రాసుకోండి. పక్కన ఒకరు కూర్చుని ఫోన్ చూస్తేనే ఈ పని చేయాలి. నడిపేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉండాలి.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చే రీడింగు. చాలా కార్లలో ఎంఏపీ సెన్సర్ ఉంటుంది. ఇది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, గాలి ఒత్తిడిని చూపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే వైజాగ్‌లో అది 100, 101 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి. తర్వాత రెండో గేర్ పరీక్షలో 5000 ఆర్పీఎం దాటాక ఎంత చూపిస్తోందో చూడండి. 97 వచ్చిందనుకుందాం. అంటే ఫిల్టర్, గొట్టం, థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి తలుపు) అన్నీ కలిసి అడ్డుకుంటున్నది 3, 4 శాతమే. ఆ దారిలో ఎంత ఖరీదైన సామాను పెట్టినా దక్కేది అంతకు మించదు. 83 పీఎస్ కారులో అది మూడు గుర్రాలు, అదీ అడ్డంకి మొత్తం మాయమైతే. 92 వచ్చిందంటే మాత్రం ఎక్కడో ఏదో మూసుకుపోయింది. వేల రూపాయల ఇన్‌టేక్ కిట్ అవసరమా అన్న వాదన ఈ ఒక్క అంకెతో తేలిపోతుంది.

ఎంఏపీ బదులు ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కార్లలో సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో కనిపిస్తుంది. దాన్ని 1.25తో గుణిస్తే ఇంజన్ బలం హార్స్‌పవర్‌లో రమారమిగా వస్తుంది. పై ఆర్పీఎంలో 65 గ్రాములు చూపిస్తే 80 పైచిలుకు అన్నమాట.

రెండో అడుగు: పోయిన బలాన్ని వెనక్కి తెచ్చుకోండి

ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే పాత కారులో నిజమైన లాభం ఇక్కడే ఉంది.

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. మల్కాపురం, సింధియా, కాన్వెంట్ జంక్షన్ వైపు రోజూ తిరిగే కారు ఫిల్టర్‌ను తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పోర్టు దుమ్ము ఎంత పేరుకుందో కనిపిస్తుంది. సర్వీస్ బుక్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకండి. సగం దూరానికే చూసి, నల్లబడితే మార్చండి. ఎయిర్ కంప్రెసర్‌తో గట్టిగా ఊది మళ్లీ పెట్టడం మన దగ్గర అలవాటు. కాగితం చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్ గోడల మీదకు పోతుంది కాబట్టి ఆ అలవాటు మానేయండి. కొత్త ఫిల్టర్ ధర కొన్ని వందలే.

తర్వాత థ్రాటిల్ బాడీ. దాని అంచున నల్లటి జిగురు పేరుకుని ఉంటే థ్రాటిల్ బాడీ క్లీనర్, మెత్తటి గుడ్డతో శుభ్రం చేయించండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకను వేలితో బలవంతంగా తిప్పనివ్వకండి. శుభ్రం చేశాక స్కానర్ పెట్టి ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఆర్పీఎం) మళ్లీ నేర్పించాలి, లేకపోతే సిగ్నల్ దగ్గర ఆర్పీఎం పైకీ కిందికీ ఊగుతుంది.

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి వరసగా పెట్టి చూడండి. లేత గోధుమ రంగుంటే మంచిది. ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో ఏదో తేడా ఉంది. గ్యాప్ మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. ఇరిడియం ప్లగ్గులు బలం పెంచుతాయని అమ్ముతారు. అవి ఎక్కువ కాలం మన్నుతాయి, అంతే. అరిగిపోయిన ప్లగ్గుల స్థానంలో మామూలు కొత్తవి పెట్టినా అదే తేడా కనిపిస్తుంది.

మన ఊరికి ప్రత్యేకమైనది ఉప్పు. లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి దారిలో సముద్రానికి దగ్గరగా బయటే నిలిపే కార్లలో బ్యాటరీ నెగిటివ్ నుంచి బాడీకి, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ తీగ చివర్లు తుప్పు పడతాయి. బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ నెగిటివ్ మీద, ఇంకోటి ఇంజన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగోలేదు. తీగ విప్పి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయించండి. తుప్పు పట్టిన ఎర్త్ వల్ల కాయిల్, ఇంజెక్టర్లు, సెన్సర్లు అన్నిటికీ కరెంటు గతి తప్పుతుంది.

అదే ఉప్పు బ్రేక్ క్యాలిపర్ పిన్నులను పట్టేస్తుంది. బ్రేక్ వదిలినా ప్యాడ్ డిస్కును రాస్తూనే ఉంటుంది. ఇంజన్ ఇచ్చిన బలాన్ని చక్రం దగ్గర వేడిగా తగలేస్తున్నట్టే. జాకీ ఎత్తి ప్రతి చక్రాన్ని చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. లేదా పది కిలోమీటర్లు బ్రేకులు తక్కువ వాడుతూ నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా సెగ కొడితే దొంగ దొరికినట్టే. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకుకు వాడే గ్రీజు రాస్తే సరిపోతుంది.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) గురించి గట్టిగా చెప్పాలి. వేడెక్కుతోందని కంప్లయింట్ వస్తే కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ పీకేసి, "మన ఎండలకి ఇదెందుకు సార్" అంటారు. ఇది తప్పు. ఓబీడీలో కూలెంట్ వేడి హైవే మీద 80 డిగ్రీల కింద తిరుగుతుంటే అది లేదనో, తెరుచుకుని ఇరుక్కుపోయిందనో అర్థం. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆయిల్ పలచబడాల్సినంత పలచబడదు, సిలిండర్ అరుగుతుంది. థర్మోస్టాట్ వేయించండి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ మూసుకోవడమో, ఫ్యానో, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడమో వెతకమనండి.

ఓబీడీలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక రీడింగుంటుంది. ఈసీయూ తన లెక్కకంటే ఎంత పెట్రోల్ కలపాల్సి వస్తోందో, తగ్గించాల్సి వస్తోందో అది చెబుతుంది. ప్లస్ మైనస్ 5 లోపుంటే బాగున్నట్టు. ప్లస్ 10 దాటితే ఎక్కడో గొట్టం చీలి గాలి లీకవుతోంది, లేదా పెట్రోల్ పంపు నీరసించింది. ఇక్కడో జాగ్రత్త: 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక, పాత కార్లలో ఈ ట్రిమ్ కొద్దిగా పైకి జరగడం సహజం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. ప్లస్ 4, 5 చూసి టెన్షన్ పడి ఇంజెక్టర్లు మార్పించేయకండి.

లక్ష కిలోమీటర్లు దాటిన బండికి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతోందో చూసే పరీక్ష) తప్పనిసరి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపెట్టి, ఒక్కో సిలిండర్‌కూ మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. అంకె ఎంత ఉండాలో మాన్యువల్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం మించకూడదన్నది అంతకంటే ముఖ్యం. ఒకటి తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవట్లేదు. కారణం రింగులైతే ఇకపై బలం మాట పక్కన పెట్టి ముందు ఇంజన్ పని చూసుకోవాలి.

చివరగా క్లచ్. నాలుగో గేర్‌లో 50 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఆర్పీఎం ముల్లు పైకి లేచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది.

ఇవన్నీ అయ్యాక మొదటి అడుగులో చేసిన పరీక్షే మళ్లీ చేయండి. బాగా నిర్లక్ష్యానికి గురైన బండిలో ఇక్కడే తేడా తెలిసిపోతుంది, చాలామందికి ఇక ముందుకు వెళ్లాలనిపించదు.

మూడో అడుగు: ఉన్న బలాన్ని వాడండి

బలం అంటే టార్క్‌ను ఆర్పీఎంతో గుణించినది. న్యూటన్ మీటర్లను ఆర్పీఎంతో గుణించి 7022తో భాగిస్తే పీఎస్ వస్తుంది. మన ఉదాహరణ కారు 2000 ఆర్పీఎం దగ్గర 95 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుంటే అక్కడ బలం 27 పీఎస్. 4200 దగ్గర 68. 6000 దగ్గర 83. ఒకే ఇంజన్, ఒకే పెట్రోల్, మూడు రెట్ల తేడా! దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక గేర్ తగ్గిస్తే చాలు.

డీజిల్ కారు నడిపి పెట్రోల్‌కు మారినవాళ్లు 2000 దగ్గరే పై గేర్ వేసేస్తారు. ఇంజన్ అరిస్తే పాడవుతుందని భయం. ఇంజన్ వేడెక్కి, ఆయిల్ సరిగ్గా ఉంటే రెడ్ లైన్ లోపల ఎంత తిప్పినా అది తయారైందే అందుకు. నిజానికి నాలుగో గేర్‌లో 1500 దగ్గర యాక్సిలరేటర్ మొత్తం నొక్కి ఘాట్ ఎక్కించడమే ఇంజన్‌కు ఎక్కువ బాధ, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వచ్చేది అప్పుడే. అనంతగిరి మలుపుల్లో రెండో గేర్‌లో 3500 నుంచి 5000 మధ్య ఉంచండి. హైవేలో లారీని దాటేటప్పుడు, దాటడం మొదలుపెట్టకముందే మూడో గేర్‌కు దిగండి. ఏసీ కంప్రెసర్ కూడా కొన్ని గుర్రాలు తింటుంది, సింహాచలం కొండ చివరి మలుపులో దాన్ని రెండు నిమిషాలు ఆపడంలో చిన్నతనమేమీ లేదు.

నాలుగో అడుగు: బరువు, టైర్లు

900 కిలోల కారులో నలుగురు ఎక్కితే సుమారు 1160 కిలోలు. డిక్కీలో ఊరికే తిరుగుతున్న 40 కిలోల సామాను దించేస్తే 3.4 శాతం బరువు తగ్గుతుంది. పికప్ విషయంలో ఇది దాదాపు 3 పీఎస్ పెరిగినట్టే. పెద్ద సబ్‌వూఫర్ పెట్టె, పైన క్యారియర్, మర్చిపోయిన పనిముట్లు చూడండి. స్టెప్నీ మాత్రం దించకండి, ఘాట్‌లో పంక్చరైతే దిక్కుండదు.

టైర్ల విషయంలో చాలామంది తెలియకుండానే బలం పోగొట్టుకుంటున్నారు. 185/65 ఆర్15 స్థానంలో నిండుగా కనిపిస్తాయని 195/65 ఆర్15 వేయిస్తే చక్రం వ్యాసం 2 శాతం పెరుగుతుంది. ప్రతి గేరూ 2 శాతం బద్ధకిస్తుంది, స్పీడోమీటర్ కూడా తేడా చూపిస్తుంది. పైగా పెద్ద అల్లాయ్ చక్రం కంపెనీదానికంటే బరువుంటే ఆ బరువును తిప్పడానికీ బలం కావాలి. కంపెనీ సైజులోనే ఉండి, గాలి ఒత్తిడి డోర్ పక్కన రాసినంత ఉంచండి.

ఐదో అడుగు: చల్లటి గాలి

కోన్ ఫిల్టర్‌ను బానెట్ కింద బయటికి పెట్టడం రూపానికి బాగుంటుంది. కానీ ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే బానెట్ కింద గాలి ఎంత వేడెక్కుతుందో ఓబీడీలో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూస్తే తెలుస్తుంది. 35 బదులు 55 డిగ్రీల గాలి పీలిస్తే 6 శాతం ఆక్సిజన్ పోయినట్టే. ఫిల్టర్ వల్ల వచ్చే ఒకటి రెండు శాతం ఈ దెబ్బకు పోగా ఇంకా నష్టమే. శబ్దం మాత్రం బలంగా వినిపిస్తుంది, మోసపోయేది అందుకే.

కంపెనీ ఎయిర్‌బాక్స్‌ను ఉంచి, అది ముందు గ్రిల్ వెనక నుంచి గాలి తీసుకునే గొట్టం సరిగ్గా ఉందో లేదో చూడండి. బంపర్ పని చేయించాక ఆ గొట్టం ఊడిపోయి, బానెట్ కింది వేడి గాలినే పీలుస్తున్న కార్లు చాలా ఉంటాయి. ఎయిర్‌బాక్స్ మూత క్లిప్పులన్నీ పడ్డాయా, రబ్బరు చీలిందా చూసుకోండి. ఎంఏపీ పరీక్షలో కొత్త ఫిల్టర్‌తో కూడా ఎక్కువ నష్టం కనిపిస్తే, అప్పుడు అదే పెట్టెలో సరిపోయే ఎక్కువ గాలి వదిలే ఫిల్టర్ ప్రయత్నించవచ్చు. ఆయిల్ రాసే రకమైతే ఆయిల్ పలచగా రాయాలి, అది ఎంఏఎఫ్ సెన్సర్ తీగకు అంటితే రీడింగు పాడవుతుంది.

గాలి తీసుకునే మూతిని చల్లదనం కోసం బంపర్ అడుగుకు మాత్రం దించకండి. గట్టి వానకు జ్ఞానాపురంలో నీళ్లు నిలిచినప్పుడు ఆ గొట్టం నీళ్లు పీలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే.

పెట్రోల్ గురించి రెండు మాటలు

ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉన్న శక్తి కాదు. నాకింగ్‌ను ఎంత ఓర్చుకోగలదన్న కొలత. మీ ఇంజన్ నాకింగ్ వల్ల టైమింగ్ (ప్లగ్గు మెరిసే సమయం) వెనక్కి తీసుకుంటుంటేనే ప్రీమియం పెట్రోల్‌తో లాభం. ఓబీడీలో ఇగ్నిషన్ టైమింగ్‌ను మామూలు పెట్రోల్‌తో ఒకసారి, రెండు ట్యాంకులు ప్రీమియం వాడాక ఒకసారి అదే రోడ్డులో రికార్డు చేయండి. అంకె మారకపోతే ఆ అదనపు రూపాయలు మిగుల్చుకోండి. సీఎన్‌జీ కిట్ ఉన్నవాళ్లకు ఒక మాట: గ్యాస్ మీద 10 నుంచి 15 శాతం బలం తగ్గడం దాని స్వభావం. ఘాట్ ఎక్కేముందు పెట్రోల్‌కు మార్చుకోవడమే మందు.

ఓబీడీ సాకెట్‌లో పెడితే బలం పెరుగుతుందని ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న "చిప్" డబ్బాల్లో లైటు వెలగడం తప్ప ఏమీ జరగదు. పెట్రోల్ గొట్టానికి కట్టే అయస్కాంతాలు, ఇన్‌టేక్‌లో తిరిగే చిన్న ఫ్యాన్లు కూడా అంతే. పెడల్‌కు తగిలించే థ్రాటిల్ కంట్రోలర్ నిజంగా పనిచేస్తుంది గానీ, అది చేసేది కొంచెం నొక్కితే ఎక్కువ నొక్కినట్టు చెప్పడం. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు బలం ఒక్క గుర్రం కూడా పెరగదు.

సైలెన్సర్, హెడర్, చట్టం

వెనకాల సైలెన్సర్ ఒక్కటి మార్చితే చిన్న ఇంజన్‌లో వచ్చేది ఒక పీఎస్ ఉంటే ఉన్నట్టు. గొట్టం మరీ లావైతే తక్కువ ఆర్పీఎంలో పొగ వేగం తగ్గి, ఊళ్లో లాగుడు ఇంకా పడిపోతుంది. ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే నాలుగు గొట్టాలు రెండై, రెండు ఒకటయ్యే 4-2-1 హెడర్ నిజంగా మధ్య ఆర్పీఎంలో సాయం చేస్తుంది. అయితే బీఎస్6 కార్లలో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజన్‌కు ఆనుకునే ఉంటుంది. హెడర్ వేయాలంటే దాన్ని కదిలించాలి. కన్వర్టర్ తీసేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలవుతుంది, మన పిల్లలు పీల్చే గాలిలోకి విషం పోతుంది. నేనైతే ఎవరికీ ఆ పని చేయమని చెప్పను. కన్వర్టర్ మూసుకుపోయి బండి పై ఆర్పీఎంలో గొంతు నొక్కినట్టు ఉంటే కొత్తది వేయించండి, దానితోనే పోయిన బలం తిరిగొస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే సెక్షన్ 190 కింద పదివేల దాకా జరిమానా ఉంది. విశాఖ ట్రాఫిక్ పోలీసులు మార్చిన బైక్ సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. ప్రమాదం జరిగినప్పుడు చెప్పని మార్పు ఉందని తెలిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

రీమ్యాప్

టర్బో కారులో రీమ్యాప్ 20, 30 శాతం బలం ఇస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి ఒత్తిడినే పెంచవచ్చు. మన ఇంజన్‌లో గాలి పెరగదు. మారేది ఇగ్నిషన్ టైమింగ్, పూర్తి థ్రాటిల్‌లో పెట్రోల్ పాళ్లు, పెడల్ స్పందన. 83 పీఎస్ ఇంజన్‌కు నాలుగైదు పీఎస్ వస్తే మంచి పని జరిగినట్టు. పదిహేను ఇస్తానన్న వాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వారంటీ ఉన్న కారుకు వద్దే వద్దు. ఉద్గారాల ఆమోదం పొందిన సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కాబట్టి పైన చెప్పిన చట్టం సంగతి ఇక్కడా ఆలోచించుకోవాలి. అయినా చేయించాలనుకుంటే ట్యూనర్‌ను ఇవి అడగండి. అసలు ఫైలు కాపీ నా చేతికిస్తారా? పూర్తి థ్రాటిల్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి ఎంత పెడతారు? 12.6 నుంచి 13 మధ్య చెబితే సబబు. నాకింగ్ ఎంత వస్తోందో లాగ్ (రికార్డు చేసిన రీడింగులు) చూపిస్తారా? కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ తనిఖీలు ఆపకుండా చేస్తారా? ఏ కారుకైనా ఒకే ఫైలు ఎక్కించేవాళ్లు ఈ ప్రశ్నలకు తడబడతారు.

విశాఖకు సంబంధించిన అసలు మెలిక వేడి. డిసెంబరు ఉదయం సెట్ చేసిన టైమింగ్ ఆ చల్లటి గాలిలో భేషుగ్గా ఉంటుంది. అదే కారు మే నెలలో నలుగురితో, ఏసీతో ఘాట్ ఎక్కుతుంటే వేడి గాలికి నాకింగ్ మొదలవుతుంది. పిస్టన్ పోయేది అలాంటి రోజే. అందుకని రీమ్యాప్ ఎండాకాలంలో చేయించండి, లేదా ఎండాకాలంలో మళ్లీ లాగ్ చూసి సరిచేసే ఒప్పందం మీదే చేయించండి. నాకింగ్ తెలుసుకోవడం కష్టం కాదు: ఘాట్‌లో కిటికీ దించి, గోడ పక్కగా వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కితే డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తుంది. వినిపిస్తే వెంటనే కాలు తీసి గేర్ తగ్గించండి.

క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) మార్చడం, హెడ్ దించి పోర్టులు సాన పట్టడం, హెడ్ రాయించి కంప్రెషన్ పెంచడం రోజువారీ బండికి నేను సిఫారసు చేయను. క్యామ్ మార్చితే బలం పై ఆర్పీఎంలకు పోయి, గాజువాక ట్రాఫిక్‌లో బండి కుదుపులు పెడుతుంది. కంప్రెషన్ ఒక పాయింటు పెంచితే వచ్చేది సుమారు 3 శాతం, దానికి బదులుగా మన వేడిలో నాకింగ్ ముప్పు జీవితాంతం ఉంటుంది.

ఇంకా చాలకపోతే

రెండు, మూడు, నాలుగు అడుగులు పూర్తయ్యాక కూడా నెలనెలా నిండు కారుతో అరకు వెళ్లేటప్పుడు ఇబ్బందిగానే ఉంటే, రీమ్యాప్‌కు, హెడర్‌కు పెట్టే డబ్బును దాచి కారే మార్చుకోవడం మేలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ టర్బో ఇంజన్ పలచటి గాలిని నొక్కి సరిచేసుకుంటుంది కాబట్టి ఘాట్‌లో తేడా బాగా తెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్ వాళ్లు చూపించే చదును రోడ్డు సరిపోదు. ఇంట్లో వాళ్లను నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, మధ్యాహ్నం పూట సింహాచలం కొండ ఎక్కించి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో షోరూమ్‌కు వెళ్లండి.